విదేశీ కార్ల కంపెనీలు కొత్త మార్కెట్లో ఎందుకు నిలవవు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నేపథ్యం

ప్రపంచమంతా పేరున్న కార్ల కంపెనీ కొత్త దేశానికి వచ్చి, వేల కోట్లు పెట్టి ఫ్యాక్టరీ కట్టి, కొన్నేళ్లకు మూటాముల్లె సర్దుకొని వెళ్లిపోవడం భారతదేశంలో అరుదేమీ కాదు. దేవూ, ప్యుజో, ఒపెల్, ఫియట్, షెవ్రొలే, డాట్సన్, ఫోర్డ్ అన్నీ ఈ వరుసలోవే. వీటి కథలను ఎక్కువగా ఢిల్లీ, ముంబై షోరూముల లెక్కలతోనే చెబుతుంటారు. ఈ వ్యాసం పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోంచి 2016 అక్టోబరు 11న ఏర్పడ్డ జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వైపు నుంచి వాటిని చూస్తుంది. ఇక్కడ కార్ల ఫ్యాక్టరీ ఏదీ లేదు. అయినా ఒక కంపెనీ నిలుస్తుందా లేదా అన్నది తేలేది ఇలాంటి చోటే. నగరంలో కొన్న కారు నాలుగైదేళ్లకు ఇక్కడికి వస్తుంది. ఇక్కడి మెకానిక్ దాన్ని బాగు చేయగలిగితే, ఇక్కడి మనిషి దాన్ని కొంటానంటే, ఆ కంపెనీకి నగరంలో కొత్త కొనుగోలుదారు దొరుకుతాడు.

నేల, దారి, అవసరం

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ మూడు జిల్లాల్లో కలిపి 20 లక్షల పైచిలుకు జనం ఉన్నారు. పెద్ద నగరం ఒక్కటీ లేదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో సీడ్ పత్తి, వనపర్తి, అచ్చంపేట ప్రాంతాల్లో వేరుశనగ, కొల్లాపూర్ వైపు మామిడి పండుతాయి. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందిన చోట వరి సాగుతుంది. అంతకుముందు దశాబ్దాల తరబడి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, పేరు చెబితే దేశానికి గుర్తొచ్చింది వలస కూలీలే. గుంపు మేస్త్రీల వెంట ఊళ్లకు ఊళ్లు పనికి పోయిన నేల ఇది.

కారు కొనే డబ్బు ఇక్కడ ఉద్యోగులకు తప్ప నెలనెలా రాదు. పంట అమ్ముడుపోయినప్పుడో, కాంట్రాక్టు బిల్లు చేతికందినప్పుడో వస్తుంది. అలా కొన్న బండిని ఒక్క మనిషి ఆఫీసుకు పోయి రావడానికి వాడరు. అది ఇంటిల్లిపాదిదీ, ఒక్కోసారి వాడకట్టు మొత్తానిదీ. రాత్రి పూట ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కర్నూలుకో హైదరాబాద్‌కో ఆ బండే పోవాలి. పెళ్లికి, జాతరకు పోవాలి. ఖాళీ రోజుల్లో కిరాయికి తిరిగి కిస్తీ కట్టుకోవాలి. అందుకే కొనేముందు ఇక్కడి మనిషి అడిగే ప్రశ్నలు మూడే: మైలేజ్ ఎంత ఇస్తది, సామాన్ దొరుకుతదా, మళ్ల అమ్మితే ఎంతొస్తది. విదేశాల్లో వచ్చిన అవార్డుల గురించి ఎవరూ అడగరు.

దారులు కూడా రెండు రకాలు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తాల మీదుగా కర్నూలు చేరుతుంది. దాని మీద ఏ కారైనా హాయిగా పోతుంది. రహదారి దిగి ఊరి బాట పట్టాకే కారు అసలు సంగతి బయటపడుతుంది. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర జరుగుతుంది. అక్కడి అడవి బాట రాళ్ల మయం. కిందికి కుంగిన బంపరు, నేలకు దగ్గరగా వేలాడే ఆయిల్ సంప్ ఉన్న కారు ఆ దారిలో పోయి క్షేమంగా తిరిగి రావడం కష్టం. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సాగుతుంది, రాత్రి పూట వాహనాలను వదలరు. చీకటి పడేలోపు అడవి దాటాల్సిన మనిషి, అడవి నడుమ వటవర్లపల్లి దగ్గర ఆగిపోతే ఎవరూ బాగు చేయలేని కారును ఎందుకు కొంటాడు?

డీసీఎం నుంచి దేవూ దాకా

తెలంగాణ పల్లెల్లో మధ్యరకం సరుకు లారీని ఇప్పటికీ డీసీఎం అంటారు. ఏ కంపెనీ తయారు చేసినా అది డీసీఎమ్మే. ఆ పేరు 1980ల నాటి డీసీఎం టయోటా సంస్థది. ఆ దశకంలో నాలుగు జపాన్ కంపెనీలు భారతీయ భాగస్వాములతో కలిసి చిన్న సరుకు బళ్లు తెచ్చాయి: డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. వీటిలో చివరిది మన ఇంటి కథ. ఫ్రిజ్‌లు, చేతి గడియారాలతో పేరు తెచ్చుకున్న రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థ హైదరాబాద్ ఆల్విన్, జహీరాబాద్ దగ్గర నిస్సాన్ క్యాబ్‌స్టార్ బళ్లను తయారు చేసింది.

బండి మంచిదే. దెబ్బ కొట్టింది డబ్బు మారకం. 1985 తరువాత జపాన్ యెన్ విలువ అమాంతం పెరిగింది. జపాన్ నుంచి వచ్చే విడిభాగాల కిట్లతో బండి కట్టే కంపెనీలన్నిటికీ ఖర్చు మోయలేనంత అయింది. స్థానికంగా భాగాలు తయారు చేయించుకోవడానికి అవి ఇంకా సిద్ధంగా లేవు. 1989లో ఆల్విన్ నిస్సాన్‌ను మహీంద్రా తీసుకుంది. ఆ జహీరాబాద్ ఫ్యాక్టరీ మహీంద్రా చేతిలో బతికి బట్టకట్టింది. నిస్సాన్ మాత్రం ఇరవై ఏళ్ల దాకా ఈ దేశంలో మళ్లీ గట్టిగా కాలు పెట్టలేదు. విడిభాగాలు విదేశం నుంచి తెప్పించుకుంటూ అగ్గువ బండి అమ్మలేమన్న సంగతి తెలుగు నేల మీద అప్పుడే రుజువైంది. తరువాత వచ్చినవాళ్లలో చాలామంది దాన్ని మళ్లీ సొంత ఖర్చుతో తెలుసుకున్నారు.

డీసీఎం టయోటా సూరజ్‌పూర్ ఫ్యాక్టరీని కొరియా కంపెనీ దేవూ తీసుకుంది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేకుండా పోయాక పెద్ద హంగుతో వచ్చిన తొలి కంపెనీల్లో అదొకటి. 1995లో సీయెలో కారు తెచ్చింది. దాని ధరను తరువాత బాగా తగ్గించింది. కొత్తగా కొనేవాళ్లకు అది సంబరమే, ముందే కొన్నవాళ్లకు మాత్రం ఇంట్లో ఉన్న కారు విలువ రాత్రికి రాత్రి పడిపోయింది. 1998లో వచ్చిన మాటిజ్ నిజంగా మంచి చిన్న కారు. అయితే 1999లో కొరియాలో మాతృసంస్థే అప్పుల్లో కూలింది. ఇక్కడి ఫ్యాక్టరీ కొన్నాళ్లు ఈడ్చుకొచ్చి మూతపడింది. మాటిజ్ కొన్నవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. వేల మైళ్ల దూరంలో ఎవరో చేసిన అప్పుకు ఇక్కడి కుటుంబం తన కారు విలువతో వడ్డీ కట్టింది.

ప్యుజో 1994లో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌తో కలిసి 309 కారు తెచ్చి, మూడు నాలుగేళ్లలోనే భాగస్వామితో తగాదాలు, కార్మికుల గొడవల నడుమ వెళ్లిపోయింది. 2011లో గుజరాత్‌లోని సాణంద్‌లో ఫ్యాక్టరీ పెడతామని ప్రకటించి అదీ ఆపేసింది. అదే గ్రూపు 2021లో సిట్రొయెన్ పేరుతో మళ్లీ వచ్చింది.

ఫియట్ కథ ఎక్కువ బాధ పెడుతుంది. ప్రీమియర్ పద్మిని రూపంలో ఈ దేశపు రోడ్లకు అది దశాబ్దాల నుంచి ఎరుకే. 1996లో యూనో కారు తెచ్చినప్పుడు జనం ఎగబడి బుక్ చేసుకున్నారు. ఆ కార్లు తయారు చేసే ప్రీమియర్ ఫ్యాక్టరీలో కార్మిక వివాదం మొదలై కార్లు చేతికి అందలేదు. 2001లో పాలియో వచ్చింది. 2006 తరువాత టాటా షోరూముల్లో ఫియట్ కార్లు అమ్మారు, 2012లో ఆ పొత్తు విడిపోయింది. ఇంతలో ఫియట్ తయారు చేసిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ మాత్రం మారుతి స్విఫ్ట్, డిజైర్‌లలో, టాటా విస్టాలో ఊరూరా తిరిగింది. ఇంజిన్ ఇంతగా గెలిచి, దాన్ని తయారు చేసిన కంపెనీ ఓడిపోవడం కార్ల చరిత్రలో అరుదు. పాలమూరు మెకానిక్కులు ఆ ఇంజిన్‌ను కళ్లు మూసుకొని విప్పి బిగిస్తారు. కొత్త కాలుష్య ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి రానుండగా ఫియట్ 2019లో భారత్‌లో అమ్మకాలు ముగించింది.

సామాన్ దొరకడం

ఈ ప్రాంతంలో కారు విడిభాగాలను సామాన్ అంటారు. ఒక మామూలు మరమ్మతును దగ్గరగా చూస్తే విదేశీ కంపెనీ ఎక్కడ ఓడిపోతుందో తెలుస్తుంది.

గుంతల రోడ్డు మీద తిరిగిన కారు ముందు చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు వస్తుంటుంది. షెడ్డులో మేస్త్రీ జాకీ పెట్టి లేపి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకొని ఊపుతాడు. లోయర్ ఆర్మ్ బుష్షులు అరిగిపోయాయని క్షణంలో చెప్పేస్తాడు. బుష్షు అంటే రబ్బరు, ఇనుము కలిసిన గుప్పెడంత ముక్క. అది మారుతి కారైతే పట్టణంలోనే ఏదో ఒక దుకాణంలో ఉంటుంది. లేకుంటే హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో దుకాణానికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం ఆర్టీసీ బస్సులో పార్శిల్ వేస్తారు. కంపెనీ సామాన్ కావాలా, మామూలుది చాలా అని కూడా అడుగుతారు. సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది.

అమ్మకాలు తక్కువున్న విదేశీ కారు విషయంలో ఈ గొలుసులో ప్రతి కొక్కెం తెగి ఉంటుంది. పట్టణంలో ఆ సామాన్ పెట్టుకునే దుకాణదారు ఉండడు. జిల్లా మొత్తం మీద అలాంటి కార్లు కొన్నే ఉంటే అరల్లో సరుకు మూలుగుతుందని అతని భయం, అది న్యాయమైన భయమే. బయటి తయారీదారులు కూడా అంత తక్కువ గిరాకీకి అచ్చులు పోయరు. కంపెనీ ఒక్క బుష్షును విడిగా అమ్మక, ఆర్మ్ మొత్తం కొనమంటుంది. దానికోసం కంపెనీ సర్వీస్ సెంటరున్న నగరానికి పోవాలి. గద్వాల నుంచి హైదరాబాద్ 190 కిలోమీటర్ల చిల్లర. ఒక రోజు కిరాయి పోయింది, డ్రైవరు బత్తా పోయింది, పెద్ద భాగం ధర పైన పడింది. ఇలా రెండుసార్లు జరిగితే ఆ కారు యజమాని చెప్పే మాట ఊరంతా పాకుతుంది, ఆ మాటను ఏ ప్రకటనా తుడిచేయలేదు.

ఫోర్డ్ ఈ సంగతి గుర్తించింది. పెద్ద అసెంబ్లీలకు బదులు చిన్న భాగాలను విడిగా అమ్మడం మొదలుపెట్టింది, విడిభాగాల ధరలను అందరికీ తెలిసేలా పెట్టింది. మంచి పనే, కానీ అప్పటికే ఫోర్డ్ సర్వీసు ఖరీదన్న పేరు జనంలో స్థిరపడిపోయింది.

2000 తరువాత ఇంకో ఇబ్బంది వచ్చింది. కార్లలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు పెరిగాయి. తప్పు ఎక్కడుందో చూడాలంటే స్కానర్ పెట్టాలి. ఎక్కువ అమ్ముడయ్యే కార్లకు పనికొచ్చే స్కానర్ కొనడానికి చిన్న షెడ్డు యజమాని వెనుకాడడు. నెలకొకటి వచ్చే కారు కోసం వేరే సాఫ్ట్‌వేర్ కొనమంటే ఎక్కడినుంచి తెస్తాడు? చదువు తక్కువైనా చేతిలో విద్య ఉన్న వేలమంది మేస్త్రీలను కంపెనీలు తమవాళ్లుగా చూడలేదు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, సామాన్ అందించి ఉంటే జీతం ఇవ్వనక్కర్లేని సేవాదళం ఊరూరా తయారై ఉండేది.

పాత కారు ధర

మూడు జిల్లాల్లో తిరిగే కార్లలో పాత నంబరు ప్లేట్లు చూస్తే వాటి ప్రయాణం తెలుస్తుంది. ఉమ్మడి జిల్లా కాలపు ఏపీ 22 బళ్లున్నాయి. 2016 నుంచి 2024 దాకా వచ్చినవి నాగర్‌కర్నూల్ టీఎస్ 31, వనపర్తి టీఎస్ 32, గద్వాల టీఎస్ 33. వాటి పక్కనే హైదరాబాద్, రంగారెడ్డి నంబర్లు కనిపిస్తాయి. సరిహద్దు పక్కనే ఉండడంతో రాయచూరు కేఏ 36, కర్నూలు ఏపీ 21 కూడా తగులుతాయి. పక్క రాష్ట్రం బండి కొంటే ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అందువల్ల ఎక్కువగా హైదరాబాద్ పాత కార్లే ఇటు దిగుతాయి.

పాత కారు ధర లెక్క కంపెనీల బోర్డు గదుల్లో ఎంత దాకా అర్థమైందో అనుమానమే. ఒక ఊహా ఉదాహరణ: 7 లక్షలకు కొన్న కారు 5 ఏళ్ల తరువాత 4 లక్షలకు పోతే, యజమానికి ఏడాదికి 60 వేలు తరుగు. అదే ధర పెట్టి కొన్న వేరే కారు 2.5 లక్షలకే పోతే తరుగు ఏడాదికి 90 వేలు. తేడా ఏడాదికి 30 వేలు. రెండో కారు షోరూములో 50 వేలు డిస్కౌంట్ ఇచ్చినా ఆ తేడా పూడదు. మరి ఆ పాత ధరను నిర్ణయించేది ఎవరు? చివరికి దాన్ని కొని వాడుకునే మనిషి. అతను వనపర్తిలోనో అయిజలోనో కల్వకుర్తిలోనో ఉంటాడు. సామాన్ దొరకదని అతను వద్దంటే, హైదరాబాద్ పాత కార్ల వ్యాపారి ధర తగ్గిస్తాడు. వ్యాపారి ధర తగ్గిస్తే కొత్త కారు కొనబోయే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆగి ఆలోచిస్తాడు. అమ్మకాలు తగ్గితే సామాన్ ఇంకా దొరకదు. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలైతే మంచి కారు తెచ్చినా ఆగదు.

ఫైనాన్స్ కంపెనీలూ ఇందులో భాగమే. కిస్తీ కట్టకపోతే బండి గుంజుకొచ్చి అమ్ముకోవాల్సింది వాళ్లే కనుక, అమ్ముడుపోని బండికి అప్పు తక్కువిస్తారు, వడ్డీ ఎక్కువ అడుగుతారు.

తవేరా, ఫిగో

జనరల్ మోటార్స్, ఫోర్డ్ ఈ దేశానికి కొత్తవేమీ కావు. రెండూ 1920లలోనే ఇక్కడ కార్లు కూర్చాయి. స్వాతంత్ర్యం తరువాత విడిభాగాలు దేశంలోనే తయారు చేయాలన్న విధానం వచ్చాక, 1950ల నడుమ వెళ్లిపోయాయి. 1990లలో తిరిగొచ్చాయి.

జనరల్ మోటార్స్ మొదట ఒపెల్ పేరుతో ఆస్ట్రా, కోర్సా కార్లు అమ్మింది. 2003లో షెవ్రొలే పేరు తెచ్చి, 2006లో ఒపెల్ పేరు మాన్పించింది. ఒపెల్ కొన్నవాళ్లు అనాథలయ్యారు. దేవూ మాటిజ్‌నే మార్పుచేర్పులతో స్పార్క్ పేరుతో 2007లో అమ్మింది. తరువాత చైనా భాగస్వామి తయారీ మోడళ్లైన సెయిల్, ఎంజాయ్ వచ్చాయి. కంపెనీ పేరు ఒకటే, కార్లకు మాత్రం ఒకదానికొకటి సంబంధం ఉండదు. ఒక మోడల్ సామాన్ ఇంకోదానికి పట్టదు.

అయినా ఆ కంపెనీ 2004లో తెచ్చిన తవేరా పల్లె తెలంగాణకు అచ్చంగా సరిపోయింది. ఇసుజు పాంథర్ ఆధారంగా చేసిన మొరటు బండి అది. 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, బలమైన చాసిస్, పదిమంది దాకా కూర్చునే జాగా. పెళ్లి బృందాలు, తిరుపతి యాత్రలు, జాతర కిరాయిలు, ఆస్పత్రి పరుగులు అన్నిటికీ పసుపు బోర్డు తవేరా ఉండేది. కంపెనీ తన దారి ఏమిటో చూసుకోవాల్సింది ఇక్కడే. అమెరికాలో పేరున్న చిన్నా పెద్దా కార్లు కాదు, ఈ మొరటు బండే దాన్ని జిల్లాల్లో నిలబెట్టింది. దాన్ని మెరుగుపరిచే బదులు నిర్లక్ష్యం చేశారు. 2013 జులైలో కాలుష్య పరీక్షల విషయంలో లోపాల వల్ల 1.14 లక్షల తవేరాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది, కంపెనీ కొందరు ఉద్యోగులను తొలగించింది. 2017 మే 18న, ఆ సంవత్సరాంతానికి భారత్‌లో అమ్మకాలు ఆపేస్తామని ప్రకటించింది. అప్పటికి మార్కెట్లో దాని వాటా 1 శాతం లోపే. గుజరాత్‌లోని హాలోల్ ఫ్యాక్టరీ చైనా సంస్థ సాయిక్ చేతికి పోయి ఎంజీ కార్ల పుట్టిల్లయింది. మహారాష్ట్రలోని తళేగావ్ ఫ్యాక్టరీ హ్యుండయ్‌కు దక్కింది.

ఫోర్డ్ 1995లో మహీంద్రాతో కలిసి వచ్చి ఎస్కార్ట్, తరువాత 1999లో ఐకాన్ తెచ్చింది. 2010లో ఫిగో వచ్చినప్పుడు ఇక ఈ కంపెనీ కుదురుకుందనే అందరూ అనుకున్నారు. ధర అందుబాటులో ఉంది, డీజిల్ ఇంజిన్ మైలేజ్ ఇస్తోంది, బాడీ గట్టిది. 2013లో ఎకోస్పోర్ట్ నాలుగు మీటర్ల లోపు పొడవున్న ఎత్తైన కార్లకు దేశంలో గిరాకీ పుట్టించింది. ఆ గిరాకీ ఫలాన్ని 2016 నుంచి మారుతి బ్రెజా, తరువాత హ్యుండయ్, టాటా కార్లు తిన్నాయి. ఫోర్డ్ కొత్త మోడళ్లు తేవడంలో వెనకబడింది. తమిళనాడులోని మరైమలై నగర్ చాలదని సాణంద్‌లో 2015లో రెండో ఫ్యాక్టరీ తెరిచింది. రెండింటి సామర్థ్యం ఏడాదికి 4 లక్షలు దాటినా, చివరికొచ్చేసరికి అందులో ఐదో వంతే వాడకంలో ఉంది. మహీంద్రాతో మళ్లీ కలుద్దామనుకున్న ఒప్పందం 2020 చివరి రోజున రద్దయింది. 2021 సెప్టెంబరు 9న భారత్‌లో కార్ల తయారీ మానేస్తున్నామని ప్రకటించింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని కంపెనీయే చెప్పింది. అదే ఏడాది జనవరిలో బ్రెజిల్‌లోనూ ఫ్యాక్టరీలు మూసేస్తున్నట్టు ప్రకటించింది. నిర్ణయం డెట్రాయిట్ దగ్గర జరిగింది, ఆ లెక్కలో భారత్ ఒక గీత మాత్రమే.

కొలత, డీజిల్, పరువు

2006 కేంద్ర బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న ఇంజిన్ కార్లకు ఎక్సైజ్ పన్ను తగ్గింది. 2007లో మహీంద్రాతో కలిసి రెనో తెచ్చిన లోగన్ పొడవు ఆ గీత దాటింది. పేద దేశాల రోడ్ల కోసమే తయారైన గట్టి కారు అది, జాగా ఎక్కువ. కానీ పన్ను పడి ధర పెరిగింది, రూపం చూసి టాక్సీ అన్నారు. 2010లో రెనో తన వాటా మహీంద్రాకు వదిలేసింది. 2015లో అదే రెనో క్విడ్ తెచ్చి నిలదొక్కుకుంది.

2014 అక్టోబరులో డీజిల్ ధర నియంత్రణ తొలగేదాకా పెట్రోలుకు, డీజిల్‌కు నడుమ తేడా పెద్దది. కిరాయి బళ్లకు డీజిల్ తప్ప మరో మాట లేదు. హోండా 2013లో అమేజ్ దాకా ఇక్కడ డీజిల్ కారే తేలేదు. ఇంజిన్ ఎంత నాణ్యమైనదైనా జిల్లాల్లో ఆ పేరు పెద్దగా వినపడకపోవడానికి అదొక కారణం.

అగ్గువ అన్న ముద్రతో అమ్మడం కూడా చేటే చేసింది. 2014లో నిస్సాన్ డాట్సన్ పేరును తిరిగి బతికించి గో కారును తెచ్చింది. ఆ ఏడాది నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రమాద భద్రతా పరీక్షలో, పెద్దల రక్షణ విషయంలో దానికి ఒక్క స్టార్ కూడా రాలేదు. నడిగడ్డలో మొదటిసారి కారు కొనే కుటుంబానికి అది జీవితకాలపు కొనుగోలు. బీదవాళ్ల కారు అని పిలిపించుకునే బండిని ఇంటి ముందు నిలపడానికి ఎవరు ఇష్టపడతారు? డాట్సన్ 2022 ఏప్రిల్‌లో కథ ముగించింది.

ఇవన్నీ వచ్చి వెళ్లినవి. అసలు రాకుండానే పోయిన కంపెనీ ఒకటి తెలుగువాళ్లకు బాగా గుర్తు. 2005లో విశాఖపట్నంలో ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ పేరుతో వశిష్ఠ వాహన్ అనే సంస్థకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 11 కోట్ల రూపాయలు ఇచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ తమకూ ఆ సంస్థకూ సంబంధం లేదంది. వ్యవహారం సీబీఐ దాకా వెళ్లింది, ఫ్యాక్టరీ మహారాష్ట్రలోని చాకణ్‌కు వెళ్లింది.

నిలిచినవి ఎందుకు నిలిచాయి

సుజుకీ కూడా విదేశీ కంపెనీయే. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందాయి. ప్రభుత్వం భాగస్వామిగా ఉండి విడిభాగాలు దేశంలోనే తయారు కావాలని పట్టుబట్టడం అప్పట్లో సుజుకీకి భారం అనిపించి ఉండవచ్చు. యెన్ పెరిగి మిగిలిన జపాన్ కంపెనీలు కుదేలైనప్పుడు ఆ భారమే దాన్ని కాపాడింది. హ్యుండయ్ 1998లో సాంట్రోతో వచ్చినప్పుడే శ్రీపెరుంబుదూరు చుట్టూ విడిభాగాల తయారీదారులను వెంట తెచ్చుకుంది.

టయోటా 2000లో క్వాలిస్‌తో మొదలుపెట్టింది. పాతకాలపు డిజైన్ అని పట్టణ విలేఖరులు పెదవి విరిచారు. పది మంది ఎక్కితే చాలు, డీజిల్ పోస్తే తిరిగితే చాలు అనుకున్న జిల్లాల జనం ఎగబడి కొన్నారు. 2005లో దాని చోట ఇన్నోవా వచ్చింది, ఆ బండి పాతబడినా ధర తగ్గదన్న పేరు ఇప్పటికీ ఉంది.

కియా 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర (ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా) ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో ఫ్యాక్టరీ కట్టింది. పెబ్బేరు, ఎర్రవల్లిల గుండా పోయే ఆ 44వ రహదారి పక్కనే ఉంది ఆ ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో సెల్టోస్ విడుదలయ్యేనాటికే వందకు పైగా పట్టణాల్లో అమ్మకం, సర్వీసు ఏర్పాట్లు చేసుకుంది. సోదర సంస్థ హ్యుండయ్ ఇరవై ఏళ్లుగా పెంచిన విడిభాగాల వ్యవస్థ దానికి ముందే సిద్ధంగా ఉంది. కొత్త కంపెనీ అన్న భయం ఇక్కడి కొనుగోలుదారుకు కలగకపోవడానికి అదే కారణం.

గెలుపు ఒక చోటినుంచి ఇంకో చోటికి దానంతట అది నడిచిరాదు. భారత్‌ను ఏలుతున్న సుజుకీ 2012లో అమెరికాలో కార్ల అమ్మకం మానేసింది. ఫోర్డ్ 2016లో జపాన్ వదిలింది. జనరల్ మోటార్స్ ఆస్ట్రేలియాలో హోల్డెన్ పేరును 2020తో ముగించింది. అమెరికాకు పోయిన తెలుగు కుటుంబాలు అక్కడ టయోటా, హోండాల వైపు మొగ్గడం వెనుక కూడా పాలమూరు లెక్కే ఉంది: మరమ్మతు తక్కువ, తిరిగి అమ్మితే డబ్బు వస్తుంది.

వెళ్లిపోయాక మిగిలేది

కంపెనీ వెళ్లిపోతే ఎక్కువగా నష్టపోయేది డీలరు, ఉద్యోగి, కారు యజమాని. ఫోర్డ్ వెళ్లేనాటికి దేశంలో సుమారు 170 మంది డీలర్లున్నారు. ఇలాంటి సందర్భాల్లో డీలర్లకు రక్షణగా ప్రత్యేక చట్టం కావాలని వాహన డీలర్ల సంఘం ఫాడా కొన్నేళ్లుగా అడుగుతోంది. కారు యజమానులకు విడిభాగాలు, వారంటీ కొనసాగిస్తామని ఫోర్డ్, జనరల్ మోటార్స్ మాటిచ్చాయి. నగరంలో ఆ మాటకు విలువ ఉంటుంది. సర్వీస్ సెంటర్ల సంఖ్య తగ్గేకొద్దీ నాగర్‌కర్నూల్‌లోని ఫిగో యజమానికి ఆ హామీ మరింత దూరమవుతుంది. అలాంటి కార్లను ఇప్పుడు నిలబెడుతున్నది పాత బళ్లు విప్పి సామాన్ అమ్మే హైదరాబాద్ తుక్కు దుకాణాలు, ఒక కారు ముక్కను సానబట్టి ఇంకో కారుకు అతికించే ఇక్కడి మేస్త్రీలు.

ఇప్పుడు విద్యుత్ కార్ల వంతు. చైనా కంపెనీ బీవైడీతో కలిసి విద్యుత్ కార్లు తయారు చేస్తామని హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్ పెట్టిన 100 కోట్ల డాలర్ల ప్రతిపాదనను 2023లో కేంద్రం ఒప్పుకోలేదు. టెస్లా 2025 జులైలో ముంబైలో షోరూము తెరిచింది. ఈ కార్లలో బుష్షు చిన్న సమస్య, బ్యాటరీ పెద్దది. పదేళ్లకు దాన్ని ఎవరు మారుస్తారు, ఎంతకు మారుస్తారు, కంపెనీ వెళ్లిపోతే ఆ బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది? అచ్చంపేటలోనో అలంపూర్‌లోనో పాత విద్యుత్ కారు కొనబోయే మనిషి ముందుగా అడగబోయే ప్రశ్న ఇదే.